ఫిడేల్లో పాము గిలక

ఆర్విడ్ ఫిడేలు వాయిస్తుండగానే ముందు వరసలో పిల్లలు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

ఎటు పోతున్నారా అని కమాను ఆపకుండానే ఓరగా చూశాడు.

నిమ్మరసం బల్ల పక్కన, గడ్డిమోపు మీద ఎవరో ముసలావిడ. రెండు చెంచాలు మోకాలి మీద తాటిస్తూ మిడతలు పడిన ఏడాది కథ చెబుతోంది.

"పైరు తిన్నాయి. నేలలోకి తొలుచుకుపోయి ఉల్లిగడ్డలు తిన్నాయి. ఆఖరికి మా నాన్న చెమట ఉప్పు అంటిందని పార కర్ర కూడా కొరికాయి!"

పిల్లలు పడీ పడీ నవ్వారు.

నెబ్రాస్కాలోని ఆ ఊళ్ళో, వలసొచ్చి సాగు మొదలుపెట్టిన తొలి రైతుల పండగంటే పంతొమ్మిదేళ్ళుగా ఆర్విడ్ పాటే. తాత గుడారపు బండిలో తెచ్చిన ఫిడేలు, తాత మట్టిగడ్డలతో కట్టిన ఇల్లు. ఆ కథ అతని నోటే వినాలి.

అతనికి కడుపు మండిపోయింది. పాట సగంలో ఆపి అటు నడిచాడు.

"ఏ ఊరు పెద్దమ్మా?"

"పుట్టింది పక్క జిల్లా నాయనా. ఇప్పుడు ఒమాహాలో ఉంటున్నా. నీ పాట విందామనే బస్సెక్కి వచ్చా."

"బాగానే విన్నారు, నా జనాన్నంతా ఇక్కడ కూర్చోబెట్టుకుని!"

ఆవిడ నవ్వేసింది. "ఒక్కసారి ఆ ఫిడేలు ఇస్తావా? ఒక్క పాట వాయించి ఇచ్చేస్తా."

"ఇది మా తాతది. పరాయి చేతికివ్వను."

"పోనీ, ఓసారి ఊపు. చాలు."

అందరూ చూస్తున్నారు. ఊపక తప్పలేదు. లోపల గలగలమంది.

ఆవిడ కళ్ళు మూసుకుంది.

"లోపల ఏముంది?" అందో పాప.

ఆర్విడ్ తడబడ్డాడు. "అదీ... మా తాత ఎందుకో..."

"గిలకపాము తోకమ్మా, గిలక్కాయలా మోగుతుంది," ముసలావిడే అందుకుంది. "చెమ్మ పట్టదని, ఎలుకలు రావని వేసేవారు. వీళ్ళ తాత తెలివైనవాడు."

చప్పట్లు. అవీ ఆవిడకే.

ఎండ వాలాక అసలు వేదిక మొదలవుతుంది. పండగ పనులు చూసే హిల్మా ఉత్సాహంగా వచ్చింది. "ఆ పెద్దావిడ చేత కూడా ఓ పాట పాడిద్దామయ్యా!"

"రూలు మర్చిపోయావా? వేదికెక్కాలంటే తొలి రైతుల వంశం అయ్యుండాలి. కాగితం చూపించి రిబ్బన్ తీసుకోవాలి. ఉందేమో అడుగు!" చొక్కా మీది నీలం రిబ్బన్ సర్దుకున్నాడు ఆర్విడ్.

హిల్మా వెళ్ళి అడగడం, ముసలావిడ తల అడ్డంగా ఊపి చెంచాలు సంచిలో వేసుకోవడం దూరం నుంచే చూశాడు. అప్పటికి గాని ఊపిరాడలేదు.

ఆ సాయంత్రం చప్పట్లన్నీ అతనివే.

వేదిక దిగుతుంటే హిల్మా ఒక అగ్గిపెట్టె అందించింది. "ఆ పెద్దావిడ నీకిమ్మంది."

తెరిచాడు. ఎండిన గిలకపాము తోక. సగమే. ఒక కొస విరిగి ఉంది.

ఆర్విడ్ ఫిడేలు తలకిందులు చేసి ఊపి ఊపి, చిల్లులోంచి లోపలి ముక్కని బయటికి రాల్చాడు. రెండూ ఆనించి చూశాడు. అతుకెక్కడో తెలియలేదు.

నిజానికి అతని తాత ఫిడేలు ముట్టినవాడే కాదు. పక్క జిల్లాలో ఒక పాత ఇంటి సామాను వేలం వేస్తుంటే ఆర్విడే కొన్నాడు దాన్ని. ఆ సంగతి భార్యకొక్కతెకే తెలుసు. ఆమె కూడా పోయింది.

బస్సు ఆగే చోటికి పరిగెత్తాడు. రోడ్డు మీద దుమ్ము ఇంకా అణగలేదు.

అగ్గిపెట్టె అడుగున మడిచిన చీటీ ఒకటి ఉంది.

"నాయనా, నా చిన్నప్పుడు మా నాన్న ఈ తోకని విరిచి, సగం ఫిడేల్లో వేసి సగం నా చేతిలో పెట్టాడు. ఇది కూడా మీ తాతగారి ఫిడేల్లోనే ఉండనీ."