గోడ అవతలి చప్పుడు

"అగో, మల్ల తలుపు కొడుతాంది! వినవడుతలేదా?" అంటూ సాలమ్మ దానమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మిట్టమధ్యాహ్నం, సాలమ్మ ఇంట్లో ఇద్దరే ఉన్నారు. నిజాం రాజ్యం పోయి నెల దాటింది. మేడ్చల్‌లో వాళ్లిద్దరి ఇళ్ల నడుమ ఉన్న ఖైరున్‌బీ ఇల్లు ఖాళీగా ఉంది. రాజ్యం పోయినప్పుడు ముస్లింల ఇళ్ల మీద మూకలు పడ్డ గొడవల్లో ఆమె ఏమైపోయిందో ఎవరికీ తెలియదు.

"మైసమ్మకు కోడిని గోసిన, అయినా ఖైరున్‌బీ దయ్యం పోతలేదు. నువ్వన్న మీ ఏసయ్యకు ప్రార్థన జెయ్యి" అంది సాలమ్మ.

దానమ్మ మోకరించింది గానీ ప్రార్థన మొదలుపెట్టకుండానే సాలమ్మ వైపు తిరిగింది.

"ఆమెకు నీ మీద పగేముంటది అక్కా? నీ బిడ్డ బాలింతప్పుడు నెల దినాలు వండిపెట్టింది గదా?"

సాలమ్మ తల వంచుకుంది.

"మూక వచ్చిన దినం నా తలుపు కొట్టింది. 'సాలమ్మా, జల్దీ తియ్యి' అని ఏడ్చింది. భయానికి నేను గడియ తియ్యలే. గీ మాట ఎవ్వలకు జెప్పలే."

దానమ్మ ఓదారుస్తుందేమోనని సాలమ్మ ఎదురుచూసింది. దానమ్మ లేచి గోడకు ఆనుకొని కూర్చుంది.

"నువ్వు తియ్యకపోతే నా ఇంటికే ఉరికొచ్చింది, అక్కా" అంది దానమ్మ. "నేను గూడ తియ్యలే. గా చప్పుడు నాకు దినాం వినవడుతాంది."