తోలుగుడ్లు

"ఆరు నెలల సంది రోజూ కాల్షియం గోలీలు మింగినా మణికట్టు విరిగిందంటే, బొక్కలు బాగా గుల్లబారినట్టే. సూదిమందు రాస్త," అంది మానుకోట దవాఖానలో డాక్టరమ్మ.

"అమ్మ ఒక్కపూట తప్పలే మేడం. ఖాళీ గోలీల షీట్లు నేనే చూసిన," అంది నిండు చూలాలు ఉమ.

చేతికి కట్టుతో పక్కనే కూర్చున్న తల్లి కళావతికి భయం పట్టుకుంది. అబద్ధం మీద సూది పడితే ప్రాణానికి ఏమవుతుందో!

"గోలీలు నేను మింగలే బిడ్డా," అంది తలవంచుకుని. "నూరి కోళ్ల దాణాల కలిపిన."

"కోళ్లకా!"

"పెంకు లేకుంట తోలుగుడ్లు పెడుతుండెనే. గోలీలు పడ్డంక పెంకు గట్టివడ్డది."

డాక్టరమ్మకు నవ్వాగలేదు. "ఇగ మీ కోళ్లు జారిపడ్డా ఏం గాదు!"

ఉమ నవ్వలేదు. పుట్టింటికి వచ్చిన నాటినుంచి రోజూ పొద్దున ఆ కోళ్లవే రెండు గుడ్లు ఉడికించి, ఒలిచి, తినేదాకా ఎదురుగా కూర్చున్నది ఈ తల్లే.

కట్టు కట్టిన ఆ చేతిని ఉమ మెల్లగా ఒళ్లోకి తీసుకుంది.

"అంటే, నీ బొక్కలు నేను తిన్ననా అమ్మా?"

రెండో చెయ్యి విరిగినా ఇంత నొప్పి ఉండదనిపించింది కళావతికి.