కార్డు కోసం లగ్గం

పందిరి కింద పీట మీద కూర్చున్న శంభులింగకు చెమటలు కారిపోతున్నాయి. పెండ్లికొడుకన్నాక కాస్త కంగారు మామూలే. ఇతగాడిది మాత్రం మామూలు కంగారు కాదు. బాసింగం ముక్కు మీదికి జారుతోంది, చూపేమో వీధి మలుపును వదలడం లేదు.

"మాణిక్యప్ప వచ్చిండా?" మళ్లీ అడిగాడు.

"వస్తడు. నువ్వు జర తలకాయ నిలబెట్టు, బాసింగం పడుతది," అన్నాడు పందిరి పనంతా నెత్తిన వేసుకుని తిరుగుతున్న వీరేశ్.

మాణిక్యప్ప పెండ్లికూతురి అన్న. సరిహద్దు దాటితే బీదరు జిల్లాలో అతని ఊరు. అతను రాకపోతే ఈ లగ్గం జరిగినా జరగనట్టే.

సంగతేమిటంటే, పెండ్లికూతురు దాక్షాయణికి గుండెలో కవాటం చెడిపోయింది. ఆపరేషన్ చేయాల్సిందే, ఆలస్యం చేస్తే మనిషి దక్కదని హైదరాబాదు డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆరోగ్యశ్రీ కింద చేస్తారు, పైసా కట్టక్కరలేదు. కాకపోతే పేరు తెలంగాణ రేషన్ కార్డులో ఉండాలి. దాక్షాయణి పేరేమో అవతలి రాష్ట్రంలో, అన్న కార్డులో ఉంది. ఆ కార్డు ఇక్కడి దవాఖానలో చెల్లదు. సొంతంగా కట్టుకుందామా అంటే, ఉన్న చేనంతా అమ్మినా చాలదు.

శంభులింగ నారాయణఖేడ్ బస్టాండు దగ్గర దరఖాస్తులు నింపే సాయికుమార్ దగ్గరికి పరుగెత్తాడు. ఫోటోలు తీసేదీ అతనే.

"గింత దానికి పరేషాన్ ఎందుకే?" అన్నాడు సాయికుమార్. "నీ కార్డుల పెండ్లాం పేరు ఎక్కాలంటే రెండే గావాలె. ఆడ పేరు తీసేసినట్టు కాయితం, ఈడ పెండ్లి అయినట్టు రుజువు. బాసింగాలు కట్టుకొని, పుస్తెలు కట్టంగ దిగిన ఫోటో ఒక్కటి తే. మిగిలింది నేను చూస్కుంట. పేరు ఎక్కినంక దవాఖానల ఎవడన్న పైసలడిగితె నాకు ఫోన్ కొట్టు. అడిగే హక్కు ఆనికి లేదు!"

శంభులింగ అక్కడికక్కడే తేల్చేశాడు. "గట్లయితే సోమారమే లగ్గం!"

వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంది. గుండెజబ్బు మనిషికి లగ్గమేందని సణిగినవాళ్లూ ఉన్నారు. శంభులింగ ఖాతరు చేయలేదు. ఆమె లేని ఇల్లు నాకెందుకని నలుగురిలో అనేశాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

తొందర లగ్గం కదా, హంగులేమీ లేవు. పుస్తెలు కూడా కొత్తవి కొనలేదు, ఇంట్లో ఉన్నవే కొత్త పసుపుతాడుకు గుచ్చారు. డప్పుల మోతకు పెండ్లికూతురి గుండె అదురుతుందని, డప్పులవాళ్లను వీధి చివర నిలబెట్టి మెల్లగా కొట్టమన్నారు. పాపం, మెల్లగా కొట్టడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఒకడు కొడుతుంటే ఇంకొకడు ఉష్, ఉష్ అంటున్నాడు.

వీరేశ్ పెండ్లాం నర్మద పెండ్లికూతురిని ముస్తాబు చేసి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. దాక్షాయణి తల వంచితే ఒట్టు. పెండ్లికొడుకును పైనుంచి కిందిదాకా చూసింది.

"గా పంచె ఏంది, గట్ల కట్టినవ్? లేస్తె జారుతది!"

పందిరంతా ఘొల్లున నవ్వింది.

"పెండ్లిపిల్ల జర సిగ్గుపడాలె!" అరిచాడు కెమెరా పట్టుకున్న సాయికుమార్. "ఫోటోల సిగ్గు కనబడాలె!"

"యాడికెల్లి తేవాలె సిగ్గు? నీ దుకాణంల ఉంటే ఇంత ఇయ్యి," అంది దాక్షాయణి.

మళ్లీ నవ్వులు. నవ్వి నవ్వి ఆమెకు ఆయాసం వచ్చింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకుంది.

శంభులింగ ప్రాణం గిలగిల్లాడింది. మంచినీళ్ల గ్లాసు అందించబోయి సగం నీళ్లు ఒలకబోశాడు. ఆమె గ్లాసుతో పాటు ఆ చేతినీ పట్టుకుంది.

"నాకేంగాదు. నువ్వు బుగులు వడకు," అంది మెల్లగా.

ముహూర్తం దాటిపోతోందని పెండ్లి చేయించే జంగమయ్య సణుగుతుండగా ఆటో వచ్చి ఆగింది. దిగినవాడు మాణిక్యప్పే!

"బా అణ్ణా, బా!" అని పుట్టింటి కన్నడంలో రమ్మంటూ పెండ్లికూతురు పీట మీది నుంచి లేవబోయింది. నర్మద పట్టుకుని కూర్చోబెట్టింది.

మాణిక్యప్ప జేబులోంచి కాగితం తీసి పైకెత్తి చూపించాడు. కళ్లనిండా నీళ్లు.

"పేరు తీసేపిచ్చిన. చెల్లె పేరు మీద వచ్చే బియ్యం గూడ ఇగ బంద్!"

"నువ్వు ఏడుస్తున్నది చెల్లె కోసమా, బియ్యం కోసమా?" వీరేశ్ అడిగాడు.

"రెండిటికీ," అన్నాడు మాణిక్యప్ప ముక్కు తుడుచుకుంటూ. సరిహద్దు ఊళ్లలో అంతే, పుట్టింటివాళ్లు పిల్లనైనా పంపిస్తారు గానీ కార్డులో పేరును అంత తొందరగా పంపరు.

జంగమయ్య మంత్రం అందుకున్నాడు. డప్పులవాళ్లు ఇక ఆగలేకపోయారు, దంచేశారు. పెండ్లికూతురే చెయ్యి ఊపి కానియ్యండన్నది. శంభులింగ పుస్తెలు చేతిలోకి తీసుకున్నాడు. ఆమె బతుకుతుంది, తప్పకుండా బతుకుతుంది అనుకుంటూ ముడి వేశాడు.

"గట్టిగ కట్టు," అంది దాక్షాయణి. "డాక్టరు గుంజినా ఊడొద్దు."

అక్షింతలు జల్లుమని కురిశాయి. ఎక్కడెక్కడి పిల్లలో కేకలు పెడుతూ వచ్చి పీటల చుట్టూ మూగారు. ఒకడైతే ఏకంగా పెండ్లికూతురి ఒళ్లోకే ఎక్కాడు. సాయికుమార్ కెమెరా దించి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏయ్, జరుగుండ్రి పోరగాండ్లు, నలభై ఏండ్ల కింద అయిన పెండ్లి ఫోటోల మనుమలు, మనుమరాండ్లు ఎట్ల ఉంటరు?"