మొండి పక్క

పెనుకొండ బస్టాండులో గంపల దొంతర ఒకటి ఒరిగి హాకీ కట్టె మీద పడింది.

జిలాన్ బెంచీకి ఆనించిన కట్టె కిందపడి, పిడి అతుకు దగ్గర విడిపోయింది.

"ఏమ్మా, కండ్లు కనపడవా నీకు?" జిలాన్ గయ్యిమని లేచాడు.

గంపలామె బిత్తరపోయింది. నలభై అయిదేళ్లుంటాయి. మేదర మనిషి. గంపలు, చాటలు అమ్ముకోవడానికి ఇక్కడ బస్సు మారి హిందూపురం సంతకు పోతోంది.

"చూసుకోలేదు నాయనా. ఇట్లియ్యి, నేను బాగుచేస్తా."

"నీవేం చేస్తావు? రేపు పొద్దున ధర్మవరంలో సెలక్షను. రైల్వేలో ఆటగాళ్లకని ఒక్కటంటే ఒక్క ఉద్యోగముండాది. నాకుండేది ఈ ఒక్క కట్టె. నీ గంపలు దానిమీద కాదు, నా బతుకు మీద పడినాయి."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. జట్కా గుర్రం చచ్చిపోయాక జిలాన్ వాళ్ల నాయన ఇంట్లోనే కూర్చున్నాడు. ఉద్యోగానికి ఉండాల్సిన వయసు జిలాన్‌కు ఈ 1978తో దాటిపోతుంది. ఆ తర్వాత క్వారీలో రాళ్లు కొట్టుకోవడమే.

ఆమె తిట్లన్నీ పడింది. కట్టెను మాత్రం వదల్లేదు.

పాత దారం విప్పి, బెత్తం పిడిని కింది చెక్కలోనుంచి ఊడబీకింది. మోకాలికి ఆనించి వంచింది. కొంచెం తిప్పి మళ్లీ వంచింది.

"కొట్టినప్పుడు బంతి ఎడమపక్కకు పోతాదా?"

జిలాన్ ఆమె దగ్గరికి జరిగాడు. కొన్ననాటినుంచీ అతను తిట్లు తింటున్నది అందుకే.

"నీకెవరు చెప్పినారు?"

"ఈ బెత్తమే చెప్తాండాది. వెదురుకైనా బెత్తానికైనా ఒక మొండి పక్క ఉంటాది. వంచితే వంగదు. అది దెబ్బకు ఎదురుగా ఉండాల. నీదాంట్లో వెనక్కి తిరిగి ఉండాది. అందుకే కొట్టేటప్పుడు కట్టె చేతిలో మెలి తిరుగుతాది. తప్పు నీ చేతిది కాదు నాయనా."

ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. జిలాన్‌కు ఏడుపు వచ్చినంత పనైంది.

హిందూపురం బస్సు వచ్చింది. కండక్టర్ కేకలేశాడు.

"నీ బస్సు పోతాండాది," అన్నాడు జిలాన్.

"పోనీలే, ఇంకోటి వస్తాది."

పక్క వడ్రంగి కొట్లో బంక అడిగి తెచ్చి, టీ అంగడి పొయ్యి మీద వేడి చేసింది. పిడిని ఇటుది అటు తిప్పి చెక్కలోకి దిగ్గొట్టింది. అతుకు మీద దారం చుట్టడం మొదలుపెట్టింది.

కోపం దిగిపోయిన జిలాన్ కబుర్లలో పడ్డాడు. ఇందాకటి మనిషి ఇప్పుడు అక్క అయిపోయింది.

"మిగతా వాళ్లంటే నాకు భయం లేదక్కా. గంగాధర అని ఒకడుండాడు. వాడు కొడితే బంతి చెప్పిన చోటికి పోతాది. వానికి రాకుంటేనే నాకొచ్చేది."

ఆమె చేయి ఆగింది.

దారం కొస పళ్ల మధ్య ఉండగానే కాసేపు అతని ముఖం వైపు చూసింది.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగింది చివరికి.

"అమ్మా నాయనా, ఇద్దరు చెల్లెండ్లు. నేను తెస్తేనే తినేది."

ఆమె అప్పటిదాకా చుట్టిన దారమంతా విప్పేసి, మొదటినుంచీ మళ్లీ చుట్టింది. ఈసారి ఇంకా బిగించి.

"ఏమైందక్కా?"

"ఒక చుట్టు వదులుగా పడింది. గట్టి దెబ్బకు ఆగదు."

పని ముగించి కట్టెను అతని చేతిలో పెట్టింది.

"రేపు పొద్దునదాకా వాడద్దు. బంక ఆరాల."

"నీది యా ఊరక్కా?"

"ధర్మవరమే. మేదర వీధిలో ఉలిగమ్మంటే చెప్తారు."

"అయితే రేపు ఆట చూడనీకి రారాదా?"

"నేను చూడలేనులే నాయనా."

"ఉద్యోగమొస్తే నీకు చీర తెస్తా."

"బాగా ఆడు, సాలు."

మరునాడు జిలాన్, గంగాధర ఎదురెదురు జట్లలో ఆడారు. ఇద్దరూ ఇద్దరే. ఆట ఇక ముగుస్తుందనగా జిలాన్ జట్టుకు పెనాల్టీ కార్నర్ దొరికింది.

కొట్టాడు. బంతి ఎడమకు పోలేదు. గోల్‌కీపర్ కాళ్ల పక్కనుంచి సూటిగా వలలోకి పోయింది.

ఉద్యోగం జిలాన్‌దేనని అక్కడికక్కడే చెప్పారు.

గంగాధర వచ్చి చేయి కలిపాడు. "నీ కట్టె ఒకసారి ఇస్తావా?"

అతుకు మీది దారాన్ని బొటనవేలితో తడిమాడు. అతని ముఖం మారింది. చాలాసేపు ఆ దారాన్నే చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు.

"బాగా కట్టినారు. ఈ దారం ఎవురి చేతా విప్పించద్దు."

ఓడిపోయినవాడి గొంతులో కోపం లేకపోవడం జిలాన్‌కు వింతగా తోచింది. కానీ స్నేహితులు అతన్ని భుజాలమీదికి ఎత్తుకున్నారు. ఆ సంబరంలో ఇంకేమీ ఆలోచించలేదు.

మొదటి జీతం అందగానే చీర కొన్నాడు. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. అంగడిలో అన్నీ విప్పించి మరీ ఏరుకున్నాడు.

మేదర వీధిలో ఉలిగమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి చౌడక్క వాకిట్లో కూర్చుని వెదురు చీలుస్తోంది.

"ఉలిగమ్మ లేదప్పా. బెంగుళూరికి పాయె."

"మళ్లీ ఎప్పుడొస్తాది?"

"ఇంక రాదు. ఇల్లు ఖాళీ చేసింది."

"అంత కష్టం ఏమొచ్చిందక్కా?"

చౌడక్క కత్తి పక్కన పెట్టి నిట్టూర్చింది.

"ఏం చెప్పేదప్పా, కొడుకు గంగాధరకు రైల్వేలో పని రాకపాయె, ఆడన్నా బతుకుదామని తల్లీకొడుకులు పోయినారు."