కాలిపోయిన గాస్కెట్

షెడ్డులో పాత డీజిల్ కారు ముందు భర్త చెమటలు కక్కుతున్నాడు. భార్య టార్చి పట్టుకుని నిలబడింది.

“నీళ్ళు పోసినవి పోసినట్టే మాయమవుతున్నాయి, ఇంజను వేడెక్కిపోతోంది. ఇంజను హెడ్డు కింద నీళ్ళు కారకుండా ఆపే పల్చటి రేకు, ఆ గాస్కెట్ కాలిపోయుంటుంది. దీనికి మెకానిక్ ఎందుకూ, నేను లేనూ?” అన్నాడు ఆయన.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడల్లా రేడియేటర్‌లోని నీళ్ళు బయటికి వదిలేస్తున్నది ఆవిడే. మొన్నామధ్య మనవరాలు వెనక సీట్లో ఉండగా ఆయన స్టీరింగ్ మీదే కునుకు తీశాడు. కారు కాలువ అంచున ఆగింది. ఆ సంగతి తర్వాత ఇద్దరూ ఎత్తలేదు. బండి నడపడం మానెయ్యమంటే ఇంతెత్తున లేస్తాడని ఆవిడ భయం.

చివరి బోల్టు ఊడింది. ఇద్దరూ కలిసి బరువైన హెడ్డును ఎత్తి పక్కన పెట్టారు. గాస్కెట్ ఆయన చేతిలోకి వచ్చింది. ఎక్కడా చిరుగు లేదు, కాలిన మచ్చయినా లేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

ఆయన గాస్కెట్‌ను రెండుగా మడిచి చెత్తడబ్బాలో పడేశాడు.

“పూర్తిగా కాలిపోయింది. ఇంజనూ దెబ్బతింది. ఇక ఈ బండి తీయకూడదు,” అన్నాడు, ఆవిడ వంక చూడకుండా.

ఆవిడ టార్చి ఆర్పేసింది.

“అవునండీ. నాకూ కనిపించింది.”