ఎదురు చీపురు

"మళ్లీ తెచ్చింది చూడు" అన్నాడు డ్రైవరు, బస్సు మెట్టు మీదే ఆగిపోయి.

కండక్టరు తల బయటపెట్టి చూశాడు. డిపో ఊడ్చే ఆమె గ్యాసు పంపు వైపు నుంచి వస్తోంది. చేతిలో పొడుగాటి కర్రకు కట్టిన పుల్లల చీపురు. చీపురన్నాక నేలమీద ఉండాలి కదా. ఈమె దాన్ని నడుమెత్తున ముందుకు చాచి, గాలిని ఊడుస్తున్నట్టు అటూ ఇటూ ఆడిస్తూ తిన్నగా బస్సు మీదికే వస్తోంది. వారం రోజులుగా ఇదే వరస. పొద్దున్నే బండికి హైడ్రోజన్ నింపడం, గొట్టం ఊడదీయడానికి డ్రైవరు దిగబోవడం, అతని కాలు నేలకు ఆనేలోపే చీపురు ఎదురుకావడం.

ఊళ్లోకి హైడ్రోజన్ బస్సులు వచ్చి నెలయింది. మొదటి బండి ఇతనికే ఇచ్చారు. ఇరవై రెండేళ్లు డీజిల్ పొగ మింగినవాడికి అది కళ్లకద్దుకునే బండి. చప్పుడు లేదు, వెనకనుంచి నాలుగు చుక్కల నీళ్లు తప్ప మరేం రాదు. ఈ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు, మండినా పొగ లేదు, పగటిపూట ఆ మంట కంటికి కూడా ఆనదు అని ట్రైనింగులో చెబుతుంటే, ఇంత మర్యాదస్తులు మా చుట్టాల్లోనే లేరని అందర్నీ నవ్వించాడు. అలాంటి బండి ఈ వారంలో రెండుసార్లు నడిరోడ్డున ఆగిపోయింది. మూడోసారి ఆగితే దాన్ని ఇంకొకరికిచ్చి ఇతన్ని పాత డీజిల్ బండికి పంపిస్తామని మేనేజరు చెప్పేశాడు. అప్పట్నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

మొదటిసారి ఆగిన రోజు చీపురు ఎదురొచ్చింది. రెండోసారి ఆగిన రోజూ వచ్చింది. ఆగని రోజుల్లోనూ వచ్చింది గానీ, ఆ లెక్క ఎవరు వేస్తారు? అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు.

కండక్టరుకు కూపీ లాగడమంటే సరదా. రెండు రోజుల్లో ఆమె పుట్టుపూర్వోత్తరాలు పట్టుకొచ్చాడు. ఇంతకుముందు సబ్బుల్లో వాడే సోడా తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసిందట. అక్కడా ఇలాంటి గ్యాసేదో ఉండేదట. ఒకరోజు పట్టపగలు షెడ్డు తగలబడితే, లోపలున్న మిగతా ఆరుగురూ ఆసుపత్రి పాలయ్యారు. ఈమె ఒక్కతే చెక్కుచెదరకుండా నడిచి బయటికొచ్చిందట, చేతిలో చీపురుతో సహా.

"నిప్పు లేనిదే పొగ రాదన్నా" అన్నాడు కండక్టరు.

డ్రైవరు మేనేజరు గదికి వెళ్లాడు. ఆ మేనేజరు మహా జాగ్రత్తపరుడు. బస్సులు వచ్చిన రోజే డిపోలో అందర్నీ వరసగా నిలబెట్టి, అసలే జనం బెదిరిపోయి ఉన్నారు, మంట, లీకు అనే మాటలు ఈ గేటు లోపల ఎవరి నోటా వినపడకూడదు, వినపడితే ఉద్యోగం ఉండదు అని ఖరాఖండిగా చెప్పినవాడు. పంపు పక్కనున్న అలారం పెట్టె ఊరికే కుయ్యోమంటోందని ప్రారంభోత్సవం రోజున నోరు కట్టించినవాడూ ఆయనే. ఇప్పుడు డ్రైవరు గోడంతా విని, ఆమె పని ఆమెను చేసుకోనివ్వమన్నాడు. ఏం పని అని నిలదీస్తే ఒకసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, ఊడ్చే పని అన్నాడు.

ఊడ్చే పనికి గొంతు తగ్గించడమెందుకు? డ్రైవరు అనుమానం రెండింతలైంది. ఆమె మేనేజరుకు చుట్టమో, లేక ఈ బండి మీద కన్నేసిన ఏ డ్రైవరుకో చుట్టమో అనుకున్నాడు. తాడోపేడో తేల్చుకుందామని ఆ మధ్యాహ్నం నీళ్ల కుళాయి దగ్గర ఆమెనే ఆపేశాడు.

"నా మీద నీకేం కక్షమ్మా?"

"కక్షేంటి బాబూ. మీ మంచికే."

"నేలమీద చెత్త అలాగే ఉంది. నా బండి చుట్టూ గాల్లో ఏం ఊడుస్తున్నావు?"

ఆమె అటూ ఇటూ చూసింది. "ఆ మాట నా నోట రాకూడదు బాబూ. వచ్చిందంటే నా కూడు పోతుంది."

డ్రైవరుకు అర్థమైపోయింది. నోట రాకూడని మాటంటే ఇంకేముంటుంది, మంత్రమే. ఆ సాయంత్రమే ఫిర్యాదు రాసి, పదకొండు మంది డ్రైవర్లతో సంతకాలు పెట్టించాడు. అన్ని సంతకాలు చూసేసరికి మేనేజరు మెత్తబడ్డాడు. రేపొక్కరోజు చేసి మానేయమని ఆమెకు చెప్పేశాడు. డ్రైవరు ఆ పూట చాన్నాళ్లకు కడుపునిండా తిన్నాడు.

మర్నాడు ఎండ బాగా కాస్తోంది. బండికి గ్యాసు నిండింది. పంపు ఆగిన చప్పుడు విని డ్రైవరు దిగాడు. చివరి రోజు కదా, ఈమెకు బుద్ధి వచ్చి ఉంటుందనుకున్నాడు. రాలేదు. అదే చీపురు, అదే నడక. పైగా ఇవాళ దారికి అడ్డంగా నిలబడింది.

"ఈ ఒక్కసారి నన్ను ముందు పోనివ్వండి బాబూ. తర్వాత మీ ఇష్టం."

"పక్కకు జరుగు."

ఆమె జరగలేదు. ఇన్నాళ్ల కోపం ఒక్కసారిగా పొంగుకొచ్చి, డ్రైవరు ఆమె చేతిలోంచి చీపురు లాగేసుకున్నాడు. కండక్టరు కిటికీలోంచి చూసి నవ్వుతున్నాడు. అది చూసి డ్రైవరుకు ఇంకా హుషారొచ్చింది. ఆమెను వెక్కిరిస్తూ, అచ్చం ఆమెలాగే చీపురు ముందుకు చాచి, అటూ ఇటూ ఆడిస్తూ గొట్టం వైపు నడిచాడు. గొట్టం ఇంకా రెండడుగుల దూరంలో ఉంది.

ఏమీ లేని గాలిలో చీపురు కొస అంటుకుంది.