సవారీ గ్రాఫు

"ఇదుగోనే, నీ లినక్స్ వాళ్ళలో దొంగ దొరికాడు!"

పక్క సీటావిడ అన్న మాటకు తనిఖీ అక్క గుండెల్లో రాయి పడింది.

ఆ కార్ల పందెం ఆటల కంపెనీలో దొంగాట ఆడేవాళ్ళను పట్టుకోవడం ఆమె పని. ఆమె అసలు పేరు జీతాల సెక్షనుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ తనిఖీ అక్కే.

లినక్స్ అంటే కంప్యూటరును నడిపించే, ఎవరికీ పైసా కట్టక్కర్లేని వ్యవస్థ. మూలపడేసిన డొక్కు కంప్యూటర్లో కూడా చక్కగా నడుస్తుంది. దాని మీద కూడా తమ ఆట ఆడించాలని మేనేజరు ప్రాణం తోడేసి మరీ ఒప్పించింది ఆమే.

ఒప్పుకున్నాడు గానీ, ఆయన ఆ రోజే ఒక మెలిక పెట్టాడు.

"మామూలు కంప్యూటర్లలో మన కాపలా ప్రోగ్రాము లోపలిదాకా వెళ్ళి వెతుకుతుంది. వీళ్ళ దగ్గర గుమ్మంలోనే ఆగిపోతుంది. వీళ్ళలో దొంగాటలు బయటపడితే మాత్రం తలుపు మూసేస్తా. తర్వాత నన్ను అనొద్దమ్మా."

అప్పట్నుంచీ ఆమె కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాస్తోంది. ఆ తలుపు మూతపడకూడదన్నదే ఆమె తాపత్రయమంతా.

దొరికినవాడి పేరు సవారీ. అదీ ఆటలో పెట్టుకున్న పేరే.

వాడి ఆటతీరు గ్రాఫు చూసి ఆమె ముక్కున వేలేసుకుంది.

మొదట్లో స్టీరింగ్ ఎటు తిప్పాలో కూడా తెలియదు. తిన్నగా వెళ్ళి గోడకు గుద్దుకుంటాడు. మెల్లగా చెయ్యి తిరుగుతుంది. కొన్ని వారాలకు దుమ్ము రేపేస్తాడు. ఇక వీడిని పట్టేవాడు లేడు అనుకునేసరికి, ఒక్కసారిగా మొదటికొచ్చి మళ్ళీ గోడకు గుద్దుకుంటాడు.

ఒకసారి కాదు, ఎన్నోసార్లు.

"ఏముందే ఇందులో, ఖాతాను పెంచి పెద్దచేసి అమ్ముకుంటున్నారు. కొన్నవాడు వచ్చి గోడకు గుద్దుతున్నాడు," అని తేల్చేసింది పక్క సీటావిడ.

తనిఖీ అక్కకూ అలాగే అనిపించింది. ఖాతాకు తాళం వేసింది.

గంట తిరక్కుండానే సవారీ నుంచి మెసేజి వచ్చింది.

"మేడం, తాళం తీయండి. మేం దొంగలం కాం."

"మేమా? ఎంతమంది మీరు?"



"కంప్యూటరు ఒక్కటే మేడం."

"నేనడిగింది మనుషుల సంగతి. ఒక ఖాతా ఒక మనిషే వాడాలి. ఆడేది ఒక్కరేనా?"

"ఇప్పుడైతే ఒక్కరే. ఒక పెద్దాయన. ఈ ఆదివారం పందెం మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నారు."

"మరి ఇంతకుముందు ఆడినవాళ్ళు?"

"వాళ్ళు ఇక ఆడరు మేడం."

"ఎందుకని?"

"ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. చెబితే ఎదుటివాళ్ళు కావాలని ఓడిపోతారట."

"నా చెవిలో పువ్వు గానీ కనిపిస్తోందా మీకు?"

"ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు వదిలేయండి. తర్వాత తీసినా లాభం లేదు మేడం."

తర్వాత తీసినా లాభం లేదట! ఆమెకు ఒళ్ళు మండింది. వీడి పుణ్యమా అని బుద్ధిగా ఆడుకునేవాళ్ళందరి నోట్లో మట్టి పడేలా ఉంది. వీడొక్కడినీ గెంటేస్తే మిగతావాళ్ళయినా బతికి బట్టకడతారు.

శాశ్వత నిషేధం మీట నొక్కి చేతులు దులుపుకుంది.

మేనేజరుకు కావలసిన సాకు కూడా సరిగ్గా అదే.

"చూశావా? నేను ముందే చెప్పానా లేదా?"

"దొంగ ఒక్కడే సార్. తీసేశాను కదా."

"దొరికినవాడు ఒక్కడు. దొరకనివాళ్ళు ఎంతమందో! గుప్పెడు మంది కోసం ఈ తలనొప్పి నాకెందుకమ్మా?"

"సార్, పాపం, మిగతావాళ్ళు..."

"ఇక ఆ మాట ఎత్తకు."

ఆట లినక్స్ మీద ఆగిపోయింది. కొన్నాళ్ళు జనం తిట్టిపోశారు. తర్వాత తిట్టడం కూడా మానేశారు. ఆమెకు ఆ తిట్ల కన్నా ఈ నిశ్శబ్దమే ఎక్కువ బాధగా ఉంది. వీడి ఇల్లు బంగారం గానూ, అంతా వీడి వల్లే వచ్చింది అని సవారీని తలుచుకున్నప్పుడల్లా పళ్ళు నూరుకునేది.

అలాంటిది, ఒకరోజు సవారీ నుంచే మళ్ళీ మెసేజి వచ్చింది.

"మేడం, మా ఖాతా పూర్తిగా తీసేయండి. కంప్యూటరు అవతల పెట్టేస్తున్నాం. ఇన్నాళ్ళు ఆడుకోనిచ్చినందుకు దండాలు."

ఖాతా తీసేయాలంటే ముందు ఫోన్ చేసి అడగడం కంపెనీ పద్ధతి. పనిలో పనిగా నాలుగు దులిపేద్దామని ఆమే ఫోన్ చేసింది.

ఎత్తింది ఒక ఆడమనిషి. బాగా అలిసిపోయిన గొంతు.

"సవారీ అంటే మీరేనా?"

"మెసేజీలు పెట్టేది నేనమ్మా. ఆడేది నేను కాదు."

దులిపేద్దామనుకున్న మాటలు ఎందుకో నోటిదాకా రాలేదు.

"పందెం ఆడతానన్న పెద్దాయన ఉన్నారా?"

"లేరమ్మా."

"ఎక్కడికెళ్ళారు?"

వెనక ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు. ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, వాళ్ళకు మంచినీళ్ళు పట్టి, మళ్ళీ తీసుకుంది.

"చెప్పమ్మా."

"ఒక్క మాట నిజం చెప్పండి. అంత బాగా ఆడే మనిషి ఉన్నట్టుండి మొదటికెందుకు వచ్చేవాడు? ఖాతా ఎవరికి అమ్మేవాళ్ళు?"

"అమ్మడమేంటి తల్లీ," అంది ఆవిడ నెమ్మదిగా. "ఇక వైద్యం లేదని డాక్టర్లు పంపేసినవాళ్ళు ఉండే ఇల్లు ఇది, ఒక మంచం ఖాళీ అయితే పక్క మంచం మనిషి మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకునేవాడు."